రాజం మాస్టర్ అరచేతుల్లో తెల్లపొడి

"చేతులు పైకి! ఇంక పైకి! గా ఆఖరు వరుసల అన్నా, నీ బొజ్జను గంత గారాబం చెయ్యకు!"

మైకులో వచ్చిన ఆ మాట తనకేనని డిటెక్టివ్ బ్రహ్మచారికి కాస్త ఆలస్యంగా అర్థమైంది. అప్పటికే ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూసి నవ్వుతున్నారు. చేసేదేమీ లేక చేతులు పైకెత్తాడు. చొక్కా కింది బొత్తం పుటుక్కున తెగి గడ్డిలోకి ఎగిరిపోయింది.

సూరత్ లింబాయత్ గార్డెన్‌లో ఆ ఆదివారం పొద్దున జరుగుతున్నది నెల మాసికం అంటే కొత్తవాళ్ళెవరూ నమ్మరు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మరమగ్గాల కార్మికులు, కొంగు నడుముకు చుట్టి బూట్లు తొడుక్కున్న ఆడవాళ్ళు, చేతికర్రలు పక్కన పడేసిన ముసలివాళ్ళు, అందరూ ఒకే తాళంలో ఎగురుతున్నారు. ఏడు దాకా లెక్కపెట్టి, ఎనిమిది అనాల్సిన చోట "నవ్వు!" అంటాడు మైకు దగ్గరున్న యువకుడు శివకృష్ణ. గార్డెన్ మొత్తం పగలబడి నవ్వుతుంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఆ లెక్క రాజం మాస్టర్‌ది. అసలు పేరు లక్ష్మీరాజం. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మగ్గం పనికి సూరత్ వచ్చాడు. మగ్గాల మధ్య నిలబడి నిలబడి నడుము పట్టేస్తే, దాన్ని బాగుచేసుకోవడానికి కసరత్తు నేర్చుకున్నాడు. నడుము బాగయ్యాక ఊరుకోలేదు. బస్తీ మొత్తం నడుముల మీద పడ్డాడు.

క్లాసు అయ్యాక ఒక్కొక్కరే మైకు దగ్గరికొచ్చి ఆయన్ని తలుచుకుంటున్నారు.

"నీ మోకాళ్ళు ఇగ వంగయి తాతా అన్నడు డాక్టర్ సాబ్. మాస్టర్ ఏమన్నడో ఎరుకేనా? ఆయన జెప్తె వంగయేమో, నేను జెప్తె వంగుతయ్ అన్నడు. సూడుండ్రి!" అని ఒక ముసలాయన అక్కడే గొంతుక్కూర్చుని లేచాడు. చప్పట్లు మోగాయి.

"పెండ్లయినంక నేను మొదటిసారి ఉరికింది గీ గార్డెన్లనే. అంతకుముందు బస్సు పోతున్నా ఉరకకపోదును," అంది ఒక ఆడమనిషి.

బ్రహ్మచారికీ ఒక జ్ఞాపకం ఉంది. పేరుకే బ్రహ్మచారి, ఇంట్లో భార్య, ముగ్గురు ఆడపిల్లలు. పెళ్ళి సంబంధాల విచారణలు, మార్కెట్లో మాయమైన చీరల మూటల వెతుకులాట అతని బతుకుతెరువు. ఒకప్పుడు మాస్టర్ క్లాసులో చేరి మూడు రోజులకే మానేశాడు. నాలుగో రోజు మాస్టర్ రెండు జామకాయలు పట్టుకుని ఆఫీసుకే వచ్చాడు. "నువ్వు రాకుంటే క్లాసే నీ దగ్గరికి వస్తది చారీ," అంటూ టేబుల్ పక్కన గుంజీలు తీయించి, ఒక జామకాయ తను తిని, ఇంకోటి అతని చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా బ్రహ్మచారి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాడు. మాస్టర్ చూసీ చూడనట్టు నవ్వేవాడు.

అలాంటి మనిషి పోయిన నెల, క్లాసు మొదలవడానికి కాస్త ముందు, ఇదే గార్డెన్ గేటు పక్క సిమెంటు అరుగు మీద ప్రాణం లేకుండా కనిపించాడు.

అంబులెన్సుకు ఫోన్ వెళ్ళింది మాస్టర్ ఫోన్ నుంచే. మాట్లాడింది మాత్రం ఒక ఆడమనిషి, తెలుగు యాస హిందీలో. అంబులెన్సు వచ్చేసరికి ఆయన పక్కన ఎవరూ లేరు. ఫోన్ ఆయన జేబులోనే ఉంది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. పోలీసులకు అనుమానించడానికి ఏమీ కనిపించలేదు.

మాస్టర్ భార్య భాగ్యలక్ష్మి ఈ వారం మొదట్లో బ్రహ్మచారి ఆఫీసుకు వచ్చి కూర్చుంది. "చారన్నా, ఎవరన్న ఏమన్న జేసిన్రా అని అడుగుత లేను. నాకు ఒక్కటే తెల్వాలె. పొయ్యేటప్పుడు ఆయన పక్కన మనిషి ఉన్నదా? లేకుంటే గా అరుగు మీద ఒక్కడే పోయిండా? రాత్రి కండ్లు మూస్తే గదే కనబడుతున్నది," అంది.

అందుకే అతను ఈ పొద్దున ఇక్కడున్నాడు.

*

షామియానా కింద భాగ్యలక్ష్మి వచ్చినవాళ్ళకు చాయ్ పోస్తోంది. భారీ మనిషి. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా భర్త క్లాసుకు వెళ్ళలేదని బస్తీలో అందరూ హాస్యమాడేవారు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అత్త నర్సవ్వ, రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని కూర్చుంది.

"చెల్లె, ఆ రోజు మాస్టర్ ఇంట్లకెల్లి ఎప్పుడు ఎల్లిండు?"

"ఐదు కొట్టకముందే. రోజు గట్లనే. గార్డెన్ ఊడ్సి నీళ్ళు సల్లుత అనేటోడు."

"వాచ్‌మన్‌ను అడిగిన. ఆరు దాకా గేటు తాళమే తియ్యడట. ఊడ్సేది కూడ వాచ్‌మనే."

చాయ్ పోస్తున్న చెయ్యి ఆగింది. "మరి గంటసేపు ఏడ ఉండేటోడు?"

"నా సవాల్ గూడ గదే." బ్రహ్మచారి ముసలామె వైపు తిరిగాడు. "పెద్దవ్వా, నువ్వు అప్పుడు ఇంట్లనే ఉన్నవా?"

"గుడికి పోయిన. రోజూ పోత."

"గీ మోకాళ్ళతోటా?"

"దేవుని దగ్గరికి పోనీకి మోకాళ్ళు అడ్డమొస్తయా బిడ్డా?"

జవాబు చాలా తొందరగా వచ్చింది. ఆ తర్వాత ఆమె ముఖం తిప్పేసుకుంది. కొడుకు పోయిన తల్లిని అంతకంటే కదిలించడానికి బ్రహ్మచారికి మనసు రాలేదు.

"ఆస్పత్రిల ఇచ్చిన సామాను తెమ్మన్న గద చెల్లె. తెచ్చినవా?"

భాగ్యలక్ష్మి ఒక గుడ్డసంచి అందించింది. "ఉతకబుద్ధి కాలే అన్నా. ఎట్ల ఉన్నయో గట్లనే ఉన్నయ్."

లోపల ఒక టవలు, ఒక జత బూట్లు. నీలం రంగు టవలు మీద తెల్లటి వేళ్ళ ముద్రలు. బ్రహ్మచారి బూట్లు తిప్పి అడుగుభాగం చూశాడు. గాడుల్లో మట్టి లేదు. మట్టికి బదులు నలిగిన బంగారు రంగు పోగులు ఇరుక్కుని ఉన్నాయి. ఒకటి గోటితో లాగి ఎండకు పట్టుకున్నాడు. మెరిసింది.

సరిగ్గా అప్పుడే మైకు కీచుమంది.

"భాయియో, బెహనో! జర గిటు సూడుండ్రి!"

మైకు లాక్కున్నది శ్యాంసుందర్. తెల్ల సఫారీ, నల్ల కళ్ళద్దాలు. ఉధనాలో రెండంతస్తుల ఆఫీసున్న డిటెక్టివ్. బస్తీ సంఘం పెద్ద సోమలింగం సేటు సొంతంగా పిలిపించాడు. సేటు అతని పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రోజూ కసరత్ చేసేటోని గుండె ఊకెనే ఆగుతదా? సూడు భాయ్, నేను అంబులెన్సోళ్ళతోని మాట్లాడిన. మాస్టర్ రెండు చేతులకు తెల్లపొడి ఉండెనట! తెల్లపొడి ఎవరు అమ్ముతరు ఈడ?" అతని వేలు నేరుగా శివకృష్ణ వైపు లేచింది. "గేటు కాడ ఎనర్జీ పౌడర్ కలిపి అమ్మేది ఎవలు? మాస్టర్‌కు రోజూ ఒక గ్లాసు పట్టించేది ఎవలు?"

శివకృష్ణ ముఖం పాలిపోయింది. "నేను... మాస్టర్ నాకు దేవుడు అన్నా. గా పౌడర్ నేనూ తాగుత. మా అమ్మా తాగుతది."

"గది ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు చెప్పు. భోజనాల యాళ్ళకు వస్తున్నడు."

అంతసేపూ శివకృష్ణ లెక్కకు ఎగిరిన జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. వాడి చుట్టూ గడ్డి ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి బ్రహ్మచారి నడిచాడు. బొత్తం తెగిన చొక్కా గాలికి లేస్తోంది.

"శ్యాంసుందర్ భాయ్, ఆ పొడి నాక్కూడ దొరికింది. గీ టవలు మీద. రెండూ ఒకటే పొడి అంటవా?"

"బరాబర్ అంట!"

"చెల్లె, వంటకాడికెల్లి ఒక నిమ్మకాయ తెప్పియ్యి."

నిమ్మకాయ వచ్చింది. బ్రహ్మచారి శివకృష్ణ డబ్బాలోంచి చెంచాడు పౌడరు పళ్ళెంలో పోయించి రసం పిండాడు. అది ముద్దకట్టి, విరిగిన పాలలా పళ్ళేనికి అంటుకుంది. తర్వాత టవలు మీది తెల్లమరక పైన పిండాడు. సన్నగా బుస్సుమని బుడగలు లేచాయి. ముందు వరసలో ఎవరో "ఓర్నీ!" అన్నారు.

"ఇది తాగేది కాదు. చాక్ పొడి. బరువులు ఎత్తేటోళ్ళు చేతులు జారకుండ రాసుకుంటరు. నోట్లకు పోదు, అరచేతులకే అంటుతది."

శ్యాంసుందర్ కళ్ళద్దాలు తీశాడు. "గీ గార్డెన్ల బరువులు ఏడున్నయి చారీ?"

"లేవు. అందుకే మాస్టర్ గీడ లేడు. ఐదు నుంచి ఆరు దాక ఇంకో జాగల ఉన్నడు. సోమలింగం సేటు, నువ్వు జర గిది సూడు." బూటులోంచి తీసిన పోగు ఆయన అరచేతిలో పెట్టాడు.

సేటు పోగును వేళ్ళ మధ్య నలిపి, నాలుక చివర తడిపి చూసి కనుబొమలు ముడిచాడు. "జరి. పాత రకం. ఇప్పుడు గీ రకం ఎవలూ తియ్యరు. మా తాన... మా పాత షెడ్ల ఉంటుండె. కని ఆ షెడ్డు బందయి ఏండ్లాయె. తాళమేసి ఉన్నది."

"ఏడ?"

"గీ గార్డెన్ ఎనుక గల్లీల."

"తాళంచెవి?"

"ఇంట్ల, మా ఆమె చెవుల గుత్తిల." సేటు ఆడవాళ్ళ గుంపు వైపు చూసి కేకేశాడు. "విజయశ్రీ! గా పాత షెడ్డు చెవి ఇయ్యి!"

విజయశ్రీ నడుముకు దోపుకున్న గుత్తిని పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత చెవి తీసి భర్త చేతిలో పెట్టి, అతని ముఖం చూడకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

*

గల్లీ ఇరుకు. ఒక పక్క గోడ, ఇంకో పక్క వరసగా నిలిపిన టెంపోలు. మనిషి పక్కకు తిరిగి నడవాల్సిందే. అంబులెన్సు ఇందులో పట్టదని బ్రహ్మచారి మనసులో అనుకున్నాడు.

ఏళ్ళుగా ముట్టుకోని తాళం అన్నారు గానీ, చెవి పెట్టగానే నూనెలో జారినట్టు తిరిగింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

"ఏందిది?" అన్నాడు సోమలింగం సేటు.

షెడ్డు అద్దంలా ఊడ్చి ఉంది. మూలల్లో మాత్రం పాత జరి పోగులు మెరుస్తున్నాయి. మధ్యలో కొబ్బరిపీచు చాపలు. గోడ పొడవునా మగ్గాల మీద నూలు చుట్టే ఇనుప బీములు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా. ప్రతి బీముకూ నడిమధ్యన పాత చీర ముక్క మెత్తగా చుట్టి, దారంతో కట్టి ఉంది. దాని రెండు పక్కలా తెల్లటి చేతిముద్రలు.

బ్రహ్మచారి వంగి తన అరచేతిని ఒక ముద్ర పక్కన పెట్టి చూశాడు. ముద్ర చిన్నది. పక్క బీము మీదిది ఇంకా చిన్నది. నేల మీద, చాప అంచున, పగిలిన ఆకుపచ్చ గాజు ముక్క దొరికింది.

శ్యాంసుందర్ దాన్ని అతని చేతిలోంచి లాక్కున్నాడు. "ఆడోళ్ళు! చూసినవా సేటు? తెల్లారకముందు, తాళమేసిన షెడ్ల, ఆడోళ్ళతోని మీ మాస్టర్! ఫోన్ల ఆడగొంతు గూడ గిదే. ఇగ శివకృష్ణ సంగతి తర్వాత, ముందు ఇది బస్తీకి చెప్పాలె."

"ఏమని చెప్తవు?" బ్రహ్మచారి గొంతు మొదటిసారి గట్టిగా వచ్చింది. "కండ్లుంటే సూడు భాయ్. ఒక్క జత చేతులు గాదు ఇయ్యి. ఏడెనిమిది జతలు. మెడకు నొప్పి తాకకుండ బీముకు గుడ్డ చుట్టిన్రు. నేల మీద సూడు, పాదం ఎంత ఎడం పెట్టాలెనో సుద్దతోని గీతలు గీసిండు. తప్పుడు పనికి వచ్చినోళ్ళు నేల మీద గీతలు గీసుకుంటరా? ఇది తాలీమ్‌ఖానా. మాస్టర్ ఆడోళ్ళకు బరువులు ఎత్తుడు నేర్పిండు."

"ఏ ఆడోళ్ళకు? పేర్లు చెప్పు! బస్తీల ఆడోళ్ళందరినీ వరుసగా నిలబెట్టి చేతులు కొలుస్తా."

"కొలువు. నీ చేతులు ఇరగ్గొట్టేది కూడ వాళ్ళే."

సేటు ఇద్దరి మధ్యకూ వచ్చాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తాళంచెవి ఎవరి గుత్తిలోంచి వచ్చిందో ఆయనకు ఇప్పుడే అర్థమవుతోంది. "చారీ, గీ పనిల మా ఆమె ఉండదు. ఆమెకు నడుము నొప్పి. నీళ్ళ బిందె నేనే లేపుత ఇంట్ల!"

బ్రహ్మచారి నవ్వు ఆపుకుని, "నాకు భోజనాల దాక టైమియ్యుండ్రి," అన్నాడు. "ఎవరి చేతులూ కొలిచే పని లేదు. వాళ్ళే చెప్తరు."

*

మాస్టర్ పేరు చెక్కించిన నల్లరాతి బెంచీ అప్పుడే టెంపోలో వచ్చింది. దాన్ని దింపి గేటు లోపల, పూలమొక్కల పక్కన పెట్టాలి. కూలీలు వస్తారని అంతా ఎదురుచూస్తున్నారు.

"కూలీలు ఎందుకు? ఇంతమంది మొగోళ్ళం లేమా?" అన్నాడు బ్రహ్మచారి. "శ్యాంసుందర్ భాయ్, సేటు, రాండ్రి. మాస్టర్ బెంచీ మనమే మోద్దాం."

అందరి ముందు అడిగాక కాదనడం కుదరలేదు. మరో నలుగురు చెయ్యి వేశారు. బెంచీ టెంపో నుంచి నేలకు దిగింది. అక్కణ్ణుంచి మాత్రం కదల్లేదు. ఆరుగురూ నడుములు విల్లులా వంచి, మూలిగి, ఒకరి కాలు ఒకరు తొక్కుకుని, జానెడెత్తు లేపి మళ్ళీ దింపేశారు. శ్యాంసుందర్ సఫారీ వెనక కుట్టు పర్రుమంది.

బ్రహ్మచారి బెంచీని చూడటం లేదు. ఎప్పుడో పక్కకు తప్పుకుని, వేడుక చూస్తున్న ఆడవాళ్ళను చూస్తున్నాడు. చాలామంది కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. కొందరు మాత్రం నవ్వడం లేదు. ఆటలో తప్పు ఎత్తు వేస్తున్నవాణ్ణి చూసినట్టు పళ్ళు బిగబట్టుకుని చూస్తున్నారు.

"ఇంకోసారి!" అన్నాడు సేటు. మళ్ళీ నడుములు వంగాయి.

"అయ్యో, నడుము గాదు! మోకాళ్ళు వంచుండ్రి!" ఒక గొంతు ఆగలేక అరిచేసింది. ఆమె సంధ్య, ఒక ఆస్పత్రిలో ఆయాగా పనిచేస్తుంది. అరిచాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇగ నాతోని కాదు," అంది విజయశ్రీ. చెవుల గుత్తి తీసి పక్కన పడేసి, కొంగు బిగించి ముందుకొచ్చింది. "జరుగుండ్రయ్యా. పడేసి పలగ్గొడ్తరు."

ఆమె వెనక సంధ్య, సంధ్య వెనక ఇంకా ఐదుగురు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. నేల మీది దుమ్ము అరచేతులకు రాసుకుని ఒకేసారి చప్పట్లు చరిచారు. ఒక మూల మాత్రం ఖాళీగా ఉంది. ఏడుగురూ ఆ ఖాళీ వైపు చూసి, వెంటనే తలలు దించుకున్నారు.

షామియానా కింద కుర్చీ కాళ్ళు కిర్రుమన్నాయి. నర్సవ్వ లేచింది. కర్ర కుర్చీకి ఆనించి, చక్కగా నడుచుకుంటూ వచ్చి ఆ మూల నిలబడింది.

"అత్తమ్మా!" అంది భాగ్యలక్ష్మి.

నర్సవ్వ పాదాలు ఎడం చేసింది. వీపు నిటారుగా ఉంచి కూర్చుంది. "ఊపిరి పీల్చుండ్రి. ఏక్. దో. తీన్!"

బెంచీ గాల్లోకి లేచింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు దాన్ని పూలమొక్కల పక్కకు తీసుకుపోయి, కింద ఆకు కూడా నలగకుండా దింపారు. తర్వాత ఈలలు, చప్పట్లు, డప్పు. ఎవరో గర్బా మొదలుపెట్టారు.

సోమలింగం సేటు తన భార్య ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. "ఏమే, మరి నీ నడుము నొప్పి?"

"నొప్పి పోయి ఏడాదాయె. నీళ్ళ బిందె నువ్వు లేపుతుంటె మంచిగనిపించి చెప్పలే," అంది విజయశ్రీ. నవ్వుల మధ్య సేటు గొంతు ఎవరికీ వినపడలేదు.

*

ఆ సందట్లోంచి బ్రహ్మచారి భాగ్యలక్ష్మినీ నర్సవ్వనూ షామియానా వెనక్కి తీసుకొచ్చాడు. సంధ్య కూడా వచ్చింది. ఆమె అప్పటికే ఏడుస్తోంది.

"ఫోన్ నేనే చేసిన వదినా," అంది సంధ్య. "ఛాతి మీద ఒత్తిన. చేతులు పడిపోయేదాక ఒత్తిన. గల్లీలకు అంబులెన్సు రాదని తెలుసు. అందుకే గేటు కాడికి తెచ్చినం."

"హజీరా కాలనీల ఆడోళ్ళ బరువుల పోటీ ఉన్నదట," నర్సవ్వ నెమ్మదిగా చెప్పింది. "అందర్నీ గాడికి తీసుకపోయి, మొగోళ్ళను ముందట కూసోబెట్టి సూపిస్త, అప్పటిదాక ఎవ్వలకూ చెప్పొద్దు అన్నడు వాడు. నీకు కూడ. నీకైతే మరీ చెప్పొద్దు అన్నడు. వాడు పోయినంక ఇట్ల తాళమేసిన షెడ్ల అంటే, ఈళ్ళ ఇండ్లల్ల నిప్పులు పోస్తరని నేనే నోర్లు కట్టేసిన. శివకృష్ణ మీదికి వస్తదని ఎరుక లేదు. ఇయ్యాల్నే ఇన్న."

భాగ్యలక్ష్మి అదేదీ విన్నట్టు లేదు. "అత్తమ్మా, నువ్వు గాడనే ఉన్నవా?"

"ఉన్న."

"ఆయన పక్కన?"

నర్సవ్వ కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "ఆ పొద్దు నేను పెద్ద బీము లేపిన బిడ్డా. ఎన్నడూ నేల ఇడువని బీము. భుజాల దాక వచ్చింది. వాడు సూసి చిన్నపోరగాని లెక్క గంతులేసిండు. 'అవ్వా, భాగ్య సూస్తె నమ్మది! సచ్చినా నమ్మది!' అని పడి పడి నవ్విండు. నవ్వుకుంటనే గోడకు ఆనుకుని కూసున్నడు. అలిసిండేమో అనుకుని నేను పోయి తల ఒళ్ళె పెట్టుకున్న. కండ్లు నన్నే సూస్తున్నయి. మూతి మీద నవ్వు గట్లనే ఉన్నది. గంతే. నొప్పి లేదు, గోస లేదు. గాడికెల్లి గేటు దాక తలకాయి దిక్కు నేనే మోసిన. కడుపుల మోసిన కొడుకును మల్ల గట్ల మోసిన."

"మరి అరుగు మీద ఒక్కణ్ణి..."

"ఒక్కణ్ణి ఇడువలే. అంబులెన్సు మూల తిరిగేదాక చెయ్యి పట్టుకునే ఉన్న. అప్పుడు ఇంటికి ఉరికిన. నీకు కబురు వచ్చేటప్పటికి నీ పక్కన మనిషి ఉండాలె గద."

భాగ్యలక్ష్మికి ఆ పొద్దున గుర్తొచ్చింది. తలుపు కొట్టిన చప్పుడుకు ఆమె లేచేసరికి అత్త అప్పటికే మంచం పక్కన, రొప్పుతూ, ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది.

"నా పేరు అన్నడా?" అని అడిగింది.

"ఆఖరుకు అన్నది నీ పేరే."

ఆమె అక్కడే కూలబడింది. ఏడుస్తుందనుకుని బ్రహ్మచారి చటుక్కున ముందుకొచ్చాడు. కానీ ఆమె నవ్వుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, భుజాలు కదిలేలా నవ్వుతోంది. "నమ్మకపోదును అత్తమ్మా. నిజంగనే నమ్మకపోదును."

షామియానా గుడ్డ పక్కకు తొలిగింది. శ్యాంసుందర్ వచ్చాడు, వెనక చిరుగు కనపడకుండా టవలు చుట్టుకుని. అంతా విన్నాడో, కొంతే విన్నాడో. "ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు ఫోన్ చేసి చెప్పిన, రావొద్దని," అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా. గేటు వైపు వెళ్ళి శివకృష్ణ పౌడర్ బండి ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు: "ఒక గ్లాసు కలుపు తమ్మీ. పెద్దది."

భాగ్యలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. పక్కన నర్సవ్వ చెయ్యి అందించింది. ఆ చెయ్యి బిగువు పట్టుకున్నాక గానీ కోడలికి తెలిసినట్టు లేదు. ఇన్నాళ్ళూ తను నెమ్మదిగా పట్టుకుని గుమ్మం దాటించిన చెయ్యి అది.

"పోటీ ఎప్పుడు అత్తమ్మా?"

"వచ్చే నెల. కని మేము ఇగ పోవద్దు అనుకున్నం."

"ఎందుకు పోరు?"

నర్సవ్వ సంధ్య వైపు చూసింది. సంధ్య తడి కళ్ళతోనే భాగ్యలక్ష్మిని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "భారీ ఒళ్ళున్నోళ్ళ వరుసల మాకు మనిషి లేదు వదినా," అంది.

అవతల డప్పు మోగుతోంది. గార్డెన్‌లో జనం రాతిబెంచీ చుట్టూ తిరుగుతూ ఆడుతున్నారు.

"రేపు ఎన్నింటికి లేవాలె?" అని అడిగింది భాగ్యలక్ష్మి.

"నాలుగున్నరకు," అంది నర్సవ్వ. "నేను లేపుత. చీర గాదు, డ్రెస్సు ఏసుకో బిడ్డా. చీరైతే కాళ్ళకు అడ్డమొస్తది."